మెట్లు జారిన వీణ

నిర్మల్

చిరంజీవి బిడ్డా,

నీ ఉత్తరం అందింది. కరీంనగర్‌ల ఒక ఇంటోళ్లు వాళ్ల నాయనమ్మ వీణను నీతోని బాగుచేయించుకొని బెంగళూరుకు పంపుమంటున్నరని, బీమా చేయించాల్నా వద్దా అని అడిగినవు. చేయించు. కానీ వీణ ఇల్లు దాటకముందే చేసుకోవాల్సిన పని ఇంకొకటి ఉన్నది. అది నేను చేయలేదు గనుకనే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్న.

పదేండ్ల కింద నేనూ ఒక పాత పనసకర్ర వీణ హైదరాబాద్ పంపిన. మన నిర్మల్‌కు రైలు లేదు గదా, 44వ నంబరు రోడ్డు మీద లారీలే దిక్కు. మే నెల. రసీదుల ‘వీణ ఒకటి’ అని రాయించి, విలువ గడి ఖాళీగ ఇడిసిపెట్టిన. అక్కడ పెట్టె ఇప్పి చూస్తే, దండి కుండను కలిసే కాడ జానెడు పగులు. 24 మెట్లల్ల సగం పక్కకు జారినయి. ఆ ఇంటి అమ్మ ఫోన్ల ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవులల్లనే ఉన్నది.

చిన్న బీమా ఒకటి ఉండె. సర్వేయర్ వచ్చి చూసి, మైనం ఎండకు మెత్తబడుడు సరుకు స్వభావం, దానికి బీమా రాదన్నడు. ఆ మాటల తప్పు లేదు బిడ్డా. మెట్లను నిలబెట్టే మేళం కట్టేది మైనం, బొగ్గుపొడి కలిపే గదా. సముద్ర బీమా చట్టం 1963లనే ఉన్నది, వస్తువు తన గుణంతోని చెడిపోతే కంపెనీ బాధ్యత కాదని. (లారీల పోయే సరుకు పాలసీని కూడా మెరైన్ అనే అంటరు, ఆ పేరు చూసి బెదరకు.) కానీ దండి ఎండకు పగలలేదు, ఎవరో పడేస్తే పగిలింది. నేను రెండు నష్టాలను ఒక్క దరఖాస్తుల కలిపి రాసిన. మేళంతోపాటు పగులు కూడా కొట్టుకపోయింది. ‘ఆ పగులు పాతది కాదని రుజువేంది?’ అని అడిగిండ్రు. నా దగ్గర ఒక్క ఫొటో లేదు.

అందుకని కట్టే ముందే ఫొటోలు తియ్యి. కుండ, దండి, యాళి మొఖం, బిరడలు, ఒక్కొక్కటి దగ్గరినుంచి తియ్యి. పాత గీత ఉంటే దాచకు, అది కూడా రాసిపెట్టు. పాత గీతను నువ్వే ఒప్పుకుంటే కొత్త పగులు గురించి నీ మాట నమ్ముతరు. సొరకాయ బుర్ర ఇప్పి వేరే చుట్టు, తీగెలు కొంచెం వదులు చెయ్యి, చెక్కపెట్టెల దండి కింద మెత్త పెట్టు. ఈ కట్టుడంతా వీడియో తియ్యి. ‘ప్యాకింగ్ సరిగ్గ లేదు’ అనేది కంపెనీలోళ్లు తరుచుగ చెప్పే సాకు. ఎండకాలంల మాత్రం పంపనే పంపకు.

విలువ గడి ఖాళీగ ఇడువకు. 2007 రోడ్డు రవాణా చట్టం, 2011 నియమాల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే లారీ వాని బాధ్యత కిరాయికి పదింతలే. 400 కిరాయి కట్టిన వీణకు 4,000 వస్తయన్నట్టు. నిర్లక్ష్యం జరిగిందని మనం రుజువు చేసే పని లేదు, ఆ చట్టంల అదొక్కటి మన దిక్కు. బుక్ చేసిన నాటి నుంచి 180 రోజులల్ల రాతపూర్వకంగ నోటీసు ఇయ్యాలె. కొరియర్ల పంపితే రసీదు షరతులన్నీ చదివి సంతకం పెట్టు. భారతి నిట్టింగ్ కంపెనీ కేసుల 1996ల సుప్రీంకోర్టు, సంతకం పెట్టిన షరతుకు పంపినాయన కట్టుబడాల్సిందేనన్నది. ఆ షరతుల ఉన్న పరిహారం 100 డాలర్లే.

బీమాల ఇంకొక చిక్కు. ‘పాతది గదా’ అని తరుగు తీస్తరు. పొణికి కర్ర బొమ్మ చెయ్యి విరిగితే మన నకాషోళ్లు లప్పం పెట్టి రంగేసి మళ్ల నిలబెడుతరు. కానీ వయసు తిన్న పనసకర్ర నాదాన్ని ఏ లప్పం తేలేదు. వీణకు పాతదనమే ధర. తెలిసిన వీణ పనివాళ్లతోని విలువ పత్రం రాయించుకొని, ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ తీసుకో. అమెరికాల మార్టిన్ మ్యూజియం 1870ల నాటి గిటారు ఒక సినిమాకు అరువిస్తే, షూటింగుల పగలగొట్టిండ్రు. బీమా పైసలు వచ్చినయి. అయినా మ్యూజియమోళ్లు ఇంక సినిమాలకు ఇయ్యమన్నరు, వాళ్ల బాధ నాకు అర్థమైతది.

అవుతలోళ్లకు ఫోన్ చేసి చెప్పు: డ్రైవర్ ముందటనే ఇప్పాలె, దెబ్బ కనబడితే రసీదు మీద రాసినంకనే సంతకం. సర్వేయర్ చూసేదాక అతికియ్యొద్దు, పెట్టె పారెయ్యొద్దు. అయినా పైసలు ఇయ్యకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది, గడువు 2 ఏండ్లు.

నేను పంపితే పగిలిన ఆ వీణను నేనే పైసలిచ్చి తెచ్చుకున్న. దండి అతికించిన, మేళం కట్టలేదు, ఇప్పుడు చేతులు వణుకుతున్నయి. మైనం తెచ్చిపెట్టిన. దసరాకు వచ్చినప్పుడు నువ్వు కడుదువు.

మీ పెద్దబాపు