రోమెల్ శిల

జర్మనీ దక్షిణ భాగంలో హైడెన్‌హైమ్ అనే పట్టణం ఉంది. ఎర్విన్ రోమెల్ 1891లో అక్కడే పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో అతని కింద పోరాడిన సైనికులు 1961లో ఆ ఊళ్ళో అతని పేర ఒక స్మారకశిల నిలిపారు. ఆ శిల చుట్టూ చాలాకాలం వాదం నడిచింది.

రోమెల్ 1941 ఫిబ్రవరిలో లిబియా చేరాడు. ఎదిరి ఊహించని చోట, ఊహించని వేళ వచ్చి పడేవాడు. అందుకే 'ఎడారి నక్క' అన్న పేరు వచ్చింది. 1942 జనవరిలో బ్రిటిష్ ప్రధాని చర్చిల్ తమ పార్లమెంటులోనే అతణ్ణి గొప్ప సేనాని అన్నాడు. పగవాడి నోట వచ్చిన మెప్పు ఊరికే పోతుందా! ఆ జూన్‌లో టోబ్రూక్ రోమెల్ వశమైంది. అక్కడ బందీలైన వేలాది సైనికుల్లో మన భారతీయులూ ఉన్నారు. హిట్లర్ అతణ్ణి ఫీల్డ్ మార్షల్ చేశాడు. నవంబరు నాటికి ఎల్ అలమీన్ దగ్గర ఓడి వెనుదిరిగాడు.

1944 జూలై 20న హిట్లర్‌పై హత్యాయత్నం జరిగింది. అనుమానం రోమెల్ మీదికీ వచ్చింది. అక్టోబరు 14న ఇద్దరు సేనాపతులు అతని ఇంటికి వచ్చారు. విషం తాగితే కుటుంబం జోలికి రామన్నారు. అతడు తాగాడు. గాయాలవల్ల మరణించాడని ప్రకటించి, ప్రభుత్వం ఘనంగా అంత్యక్రియలు జరిపించింది.

ఈ చావే అతణ్ణి చాలామంది దృష్టిలో నిర్దోషిని చేసింది. యుద్ధం తరువాత జర్మనీలో సైనిక శిబిరాలకూ, ఒక యుద్ధనౌకకూ అతని పేరు పెట్టారు. పట్టుబడిన కమాండోలను చంపమన్న హిట్లర్ ఆజ్ఞను అతడు ఆఫ్రికాలో అమలు చేయలేదన్నది అతని పక్షాన గట్టి మాట. హత్యాయత్నం సంగతి అతనికి ఎంత తెలుసో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు.

అయితే అతని ఎదుగుదలకు హిట్లర్ ఆదరణ తోడ్పడిందన్నది తేలిన విషయమే. మరొకటి ఉంది. 1942 వేసవిలో అతని సేన ఈజిప్టులో ముందుకు సాగుతుండగా, యూదులను చంపడానికి ఏర్పరచిన ఎస్.ఎస్. దళం ఒకటి ఏథెన్స్‌లో వేచి ఉంది. రోమెల్ గెలిస్తే ఆ దళం వెనుకనే వచ్చేది. అతని ఓటమి ఎందరి ప్రాణాలు నిలిపిందో!

శిలను తొలగించాలని కొందరు, ఉంచాలని కొందరు పట్టుబట్టారు. పట్టణంవారు దానిని తీయలేదు. 2020లో దాని ముందు మరొక బొమ్మ నిలిపారు. మందుపాతర పేలి కాలు పోగొట్టుకుని, ఊతకర్రల మీద నిలబడ్డ మనిషి బొమ్మ అది. ఇరుపక్షాలూ ఆ ఎడారిలో పాతిన మందుపాతరలు యుద్ధం ముగిశాక కూడా అక్కడివారిని బలిగొన్నాయి. ఎండ కాసినప్పుడు ఆ బొమ్మ నీడ రోమెల్ శిలమీద పడుతుంది.

ఆలోచించి రాయండి : హైడెన్‌హైమ్‌వారు శిలను తీయకుండా దాని ముందు బొమ్మను ఎందుకు నిలిపి ఉంటారు? మీరైతే ఏం చేసేవారు?