జాడ లేని కాగితం

బిడ్డా,

లైబ్రరీ సైన్స్ చదువుతానంటే "పుస్తకాలు సర్దడానికి డిగ్రీ ఎందుకు?" అని ఇంట్లో అంటున్నారని రాశావు. సర్దడం అందులో చిన్న పని. ఒకరు దాచిందాన్ని, వాళ్లెవరో ఎరగని ఇంకొకరు అవసరమైన వేళకు తీసుకోగలగాలి. ఆ శాస్త్రం పుట్టిందే ఇందుకు. బొగ్గుబాయిల మీద బతికే మన ప్రాంతంలో ఆ అవసరం ప్రాణాలతో ముడిపడింది. 2003 జూన్‌లో మన గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. పాత తవ్వకాలు ఎందాకా పోయాయో, నీరెక్కడ నిలిచిందో పైనుంచి కనిపించదు. మ్యాపులే చెప్పాలి. సరైన మ్యాపు దొరక్కపోతే ఏమవుతుందో 2002 జులైలో అమెరికాలోని క్వెక్రీక్ గని చూపించింది. పక్కనే మూతపడ్డ గనిలోని నీరు లోపలికి విరుచుకుపడి 9 మంది మూడు రోజులకు పైగా చిక్కుకుపోయారు. వాళ్లు నమ్ముకున్న మ్యాపు అసంపూర్ణమైంది. 1964 నాటి చివరి మ్యాపు ఆ తర్వాత ఒక మ్యూజియంలో బయటపడింది. తొమ్మిది మందీ బతికారు, అంతవరకు అదృష్టం. గమనించు, ఆ కాగితం నాశనం కాలేదు. వెతికేవాళ్లకు దాని జాడ లేదు, అంతే.

ఆ జాడ నిలిపేదే కేటలాగు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణలో 622 గనుల తవ్వకానిది, 622.334 బొగ్గుది, 622.8 గనుల భద్రతది. బొగ్గుగనుల భద్రత మీద రాసిన పుస్తకాన్ని అలమారలో ఒక్కచోటే పెట్టగలం. కేటలాగులో మాత్రం రెండు విషయాల కిందా, రచయిత పేరు కిందా చూపించవచ్చు. ఒకే గనిని ఒక రిజిస్టరులో "జీడీకే-11" అనీ, ఇంకోదాంట్లో "11వ ఇంక్లైన్" అనీ రాస్తారు, జనం "పదకొండో బాయి" అంటారు. ఈ పేర్లన్నీ ఒకటేనని కలిపి రాసిపెట్టకపోతే వెతికిన మనిషికి సగమే దొరుకుతుంది. సగం దొరికినవాడు అంతా దొరికిందనుకుంటాడు, అదే ఎక్కువ ప్రమాదం. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన నాలుగో సూత్రానికి మన దగ్గర ఇంత బరువుంది.

ఫోనులో అన్నీ దొరుకుతాయిగా అంటారు. ఎవరో ఎక్కించినవే, ఎక్కించిన పేరుతోనే దొరుకుతాయి. చేతిరాత రిజిస్టర్లను స్కాన్ చేసి వివరం రాయకుండా వదిలేస్తే అవి బొమ్మల కుప్ప. ఉద్యోగాలు తక్కువన్న మాటను మాత్రం కొట్టిపారేయను, అది నిజమే. అందుకే గ్రంథాలయాల దగ్గరే ఆగకు. రికార్డుల నిర్వహణ, డిజిటైజేషన్ కూడా నేర్చుకో. సర్వే విభాగాలకు, ఆసుపత్రులకు, కోర్టులకు ఆ పని తెలిసిన మనిషి కావాలి. గడువు దాటకముందే దరఖాస్తు పెట్టు, ఇంట్లోవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించు.