మే నెలలో భీమిలి తిండి

ప్రశ్న: వేసవి సెలవుల్లో, మే నెలలో, పిల్లలతో భీమిలి వెళ్తున్నాం. ఏం తినాలి, ఏం తాగాలి?
– ఒక పాఠకురాలు, వడ్డాది

జవాబు: మే అన్నారు కాబట్టి ముందు చేపల సంగతి చెబుతానమ్మా. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. అప్పుడు హోటల్లో వంజరం అడిగితే ఐసులో నిల్వ ఉన్నదే రావచ్చు. తెడ్డు పడవలు తెచ్చిన చిన్న చేపలుంటే అవే వేయించమనండి. పచ్చిచేప కొంటే మొప్పలు ఎర్రగా ఉండాలి, కళ్లు మెరవాలి.

సాయంత్రం ఒడ్డున మురీ మిక్చర్ మాత్రం వదలొద్దు. ఉల్లి, నిమ్మరసం ఎదుటే కలిపించుకోండి. దాహానికి కొబ్బరి బొండం, తాటి ముంజలు. తీపికి మీ పక్కనున్న మాడుగుల హల్వానే పట్టుకెళ్లండి. గోధుమపాలతో చేసే ఆ రుచి నాకు తీరంలో ఎక్కడా దొరకలేదు.