కంప్యూటర్ వర్మ్‌లు: వ్యాప్తి, రక్షణ

వర్మ్: తనంతట తానే ప్రతులు తయారు చేసుకుంటూ నెట్‌వర్క్ ద్వారా పాకే హానికర ప్రోగ్రామ్. వైరస్‌కు ఆతిథ్య ఫైల్ కావాలి, వర్మ్‌కు అక్కర్లేదు. ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి.

వ్యాప్తి మార్గాలు: సాఫ్ట్‌వేర్ లోపాలు, ఈమెయిల్ అటాచ్‌మెంట్లు, పెన్‌డ్రైవ్‌లు, బలహీన పాస్‌వర్డ్‌లు.

మోరిస్ వర్మ్: 1988 నవంబర్ 2. సృష్టికర్త రాబర్ట్ టాపన్ మోరిస్, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి. దీని తర్వాతే కార్నెగీ మెలన్‌లో తొలి సెర్ట్ (కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం) ఏర్పడింది.

ఐ లవ్ యూ: 2000 మే, ఫిలిప్పీన్స్, ఈమెయిల్ ద్వారా.

ఎస్‌క్యూఎల్ స్లామర్: 2003 జనవరి 25. పరిమాణం కేవలం 376 బైట్లు.

స్టక్స్‌నెట్: 2010లో వెలుగులోకి వచ్చింది. లక్ష్యం ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రం. ఇంటర్నెట్‌తో సంబంధం లేని వ్యవస్థకూ పెన్‌డ్రైవ్‌తో ముప్పు ఉందని నిరూపించింది.

వాన్నాక్రై: 2017 మే 12. వర్మ్‌లా పాకే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బంధించి డబ్బు అడిగే ప్రోగ్రామ్). వాడుకున్న దాడి సాధనం ఎటర్నల్‌బ్లూ, పోర్ట్ 445. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. స్లామర్‌కూ ఆరు నెలల ముందే ప్యాచ్ ఉంది. మందు చేతిలో ఉన్నా వేసుకోకపోవడమే అసలు నష్టం. అందుకే రక్షణలో మొదటి సమాధానం సకాల అప్‌డేట్. ఆ తర్వాతే ఫైర్‌వాల్, యాంటీవైరస్, ఆటోరన్ నిలిపివేత, నెట్‌వర్క్ విభజన. సోకిన యంత్రాన్ని వెంటనే నెట్‌వర్క్ నుంచి వేరు చేయాలి.

భారత్‌లో: ఐటీ చట్టం 2000, సెక్షన్ 43(సి) వైరస్ ప్రవేశపెట్టడం. సెక్షన్ 66 ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు లేదా రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. 66ఎఫ్ సైబర్ ఉగ్రవాదం, యావజ్జీవం వరకు.

సెర్ట్-ఇన్ (భారత సెర్ట్): 2004 జనవరి, సెక్షన్ 70బి. 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఘటనను 6 గంటల్లో తెలపాలి. పరీక్షలో ఈ అంకె అడిగే అవకాశం ఎక్కువ.

సైబర్ స్వచ్ఛతా కేంద్రం: 2017 ఫిబ్రవరి 21. బాట్‌నెట్ (దాడిదారుల అధీనంలోకి వెళ్లిన యంత్రాల గుంపు) శుద్ధి, ఉచిత సాధనాలు.