కొర్రమీను పిల్లల కాపలా

ప్రశ్న: మా గుడివాడ వైపు చెరువులో ఎర్రటి చేపపిల్లలు గుంపుగా పైకొచ్చి మునుగుతున్నాయి. కింద పెద్ద చేప తిరుగుతోంది. వాటిని తినడానికేనా?

జవాబు: కాదండీ, కాపలాకి. అవి కొర్రమీను పిల్లలు, కిందున్నది తల్లో తండ్రో. వానాకాలంలో జంట తూడు, గుర్రపుడెక్క మధ్య కాస్త జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. పసుప్పచ్చటి ఆ గుడ్లు నీటిమీద తేలుతూ ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. పైకి వచ్చేది గాలి కోసం. కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. గాలి పీల్చే ఆ గుణంతోనే కొల్లేరు అంచున నీళ్లు ఇంకినా తడి బురదలో బతుకుతుంది. పిల్లలు పెరిగేకొద్దీ ఎరుపు పోయి, గుంపు విడిపోతుంది. ఈలోగా పెద్దచేపను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలే. గుంపు కనిపించినన్నాళ్లూ దయచేసి అక్కడ గాలం వేయనివ్వకండి.