మెట్లు లేని నీళ్ల ఆటస్థలం

ఎండాకాలంలో నీళ్లాట అంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ నీళ్లాడే చోటు అందరికీ అందాలి, నీళ్లూ వృథా కాకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాత బావికి కొత్త ప్రాణం

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో 17వ శతాబ్దపు మెట్లబావి ఉంది. సుమారు 40 ఏళ్లు అది చెత్తతో పూడిపోయింది. 2021లో చెత్త తోడడం మొదలుపెట్టి, బాగుచేసి, 2022 డిసెంబరు 5న ప్రారంభించారు. లోపల మళ్లీ నీళ్లు ఊరినాయి. అంటే పాడుపడినదాన్ని బాగుచేయడం మన తెలుగువాళ్లకు చేతకాని పని కాదు.

మెట్లే అడ్డం

అయితే బావికి మెట్లుంటాయి. మా తండాలో సంకకర్రలతో నడిచే పిల్లవాడొకడు ఉన్నాడు. మేము బావిలో దుముకుతుంటే వాడు గట్టు మీద కూచుని మా బట్టలకు కాపలా ఉంటాడు. నీళ్లంటే ఇష్టం లేక కాదు, దిగే దారి లేక. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆటల్నీ, వినోదాన్నీ కూడా హక్కుల్లో చేర్చింది. కాబట్టి దారి వేయడం దయ కాదు, బాధ్యత.

ఒక తండ్రి కట్టించిన పార్కు

అమెరికాలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయనకు మోర్గాన్ అని వికలాంగురాలైన కూతురు ఉంది. ఒకసారి ఈతకొలనులో ఆ పాప ఆడుకుందామని దగ్గరికి పోతే మిగతా పిల్లలు లేచి పోయినారంట. ఆ బాధతో ఆయన టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో అందరూ కలిసి ఆడుకునే పార్కు 2010లో తెరిచినాడు. 2017లో దాని పక్కనే నీళ్ల పార్కు పెట్టినాడు. బ్యాటరీ కుర్చీ తడిస్తే పాడవుతుంది కదా! అందుకని అక్కడ గాలి ఒత్తిడితో నడిచే చక్రాల కుర్చీలు ఇస్తారు. వికలాంగులకు టికెట్టు లేదు.

నీళ్లు ఎట్లా తిరుగుతాయి?

25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు ఉన్న కొలను నింపాలంటే 4,50,000 లీటర్లు కావాలి. మన కరువు సీమలో అన్ని నీళ్లు యాడివి? చిమ్మే నీళ్ల ఆటస్థలానికి కొలను అక్కరలేదు. నేల చదునుగా, కాలు జారకుండా గరుకుగా ఉంటుంది. నేలలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. పడిన నీళ్లు జాలీ గుండా భూమిలోని తొట్టిలోకి పోతాయి. అక్కడ వడపోసి, క్లోరిన్ కలిపి, మోటారుతో మళ్లీ పైకి పంపుతారు. బొత్తాం నొక్కితేనే నీళ్లు వచ్చేటట్లు, కాసేపటికి వాటంతట అవే ఆగేటట్లు పెట్టుకోవచ్చు. నిలవ నీళ్లు ఉండవు గనుక మునిగిపోయే భయం చాలా తక్కువ. మెట్లు లేవు గనుక చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది.

జాగ్రత్త!

తిరిగే నీళ్లను సరిగా శుద్ధి చేయకుంటే ప్రమాదం. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు పార్కులో ఇట్లాంటి చోటనే ఆడినవాళ్లలో రెండువేల మందికి పైగా విరేచనాలతో జబ్బుపడ్డారు. ఆ క్రిమి క్లోరిన్‌కు తొందరగా చావదు. అందుకే అతినీలలోహిత కిరణాలతో కూడా శుద్ధి చేయాలి. ఆ నీళ్లు మింగకూడదు.

మనం నేర్చుకోవలసింది

దేవనకొండలోగానీ, ఆదోని, ఎమ్మిగనూరులోగానీ పార్కు కట్టినా, బాగుచేసినా పెద్దలను మూడు ప్రశ్నలు అడగాలి. వాలుదారి ఉందా? వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? రోజూ నీళ్లు పరీక్ష చేసేది ఎవరు?

అభ్యాసం: వాలుదారికి లెక్క ఇది: 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. వార్డెన్ సారును టేపు అడిగి మన హాస్టలు వరండా ఎత్తు కొలవండి. ఎంత పొడవు దారి కావాలో లెక్క గట్టి ఈ కాగితం కింద రాయండి. లెక్క తేలినాక సారుకే చూపిద్దాం.