యంత్రం ఆగినా ఆగని కిరణాలు

మన జంటనగరాలలో ఏ.ఎస్. రావు నగర్ పేరు వినని విద్యార్థి ఉండడు. ఆ పేరుకు మూలపురుషులైన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో అణుశక్తి శాఖ ఎలక్ట్రానిక్స్ విభాగానికి నాయకత్వం వహించి, 1967లో ఇక్కడ ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఆద్యులైనారు. వికిరణాన్ని కొలిచే పరికరాలు ఆ సంస్థ ఉత్పత్తులలో ముఖ్యమైనవి. ఆ కొలత ఎంత అవసరమో కణత్వరణ యంత్రాల విషయంలో స్పష్టంగా తెలుస్తుంది.

విద్యుద్దీపం ఆర్పిన వెంటనే వెలుగు పోతుంది. త్వరణ యంత్రాన్ని ఆపితే కణాల ధార ఆగుతుంది గాని, వికిరణం పూర్తిగా ఆగదు. వేగవంతమైన కణాలు, వాటివల్ల పుట్టిన న్యూట్రానులు చుట్టుపక్కల లోహాలలోని, గోడలలోని స్థిర కేంద్రకాలను అస్థిరంగా మారుస్తాయి. ఈ కృత్రిమ రేడియోధార్మికతను 1934లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు అల్యూమినియంపై ఆల్ఫా కణాలను ప్రయోగించి కనుగొన్నారు. నేడు 1977లో తొలి కణధారను ఇచ్చిన కలకత్తా సైక్లోట్రాన్‌లోనే గాక, ఆసుపత్రులలో 10 మిలియన్ వోల్టులకు మించిన చికిత్సా యంత్రాలలో సైతం దీనిని గమనించవలసి ఉంటుంది.

మరి మరమ్మతుకై లోపలికి వెళ్ళే పనివాడు ఎంతసేపు వేచి ఉండాలి? కాంక్రీటులోని సోడియం నుండి పుట్టే సోడియం-24 అర్ధాయువు 15 గంటలు. 60 గంటలలో అది పదహారో వంతుకు తగ్గుతుంది. ఉక్కులో స్వల్పంగా కలిసి ఉండే కోబాల్టు నుండి పుట్టే కోబాల్టు-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అదే 60 గంటలలో అది వెయ్యింట ఒక వంతు కూడా తగ్గదు. కనుక వికిరణం ఎంత అని తెలిస్తే చాలదు, ఏ మూలకానిదో తెలియాలి.

గైగర్ గణకం పరిమాణాన్ని సూచిస్తుంది. మూలకాన్ని గుర్తించడానికి గామా కిరణాల శక్తిని కొలవాలి. కోబాల్టు-60 కిరణం ఒకటి 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సోడియం-24 కిరణం ఒకటి 1369. ఇంత దగ్గరి కిరణాలను సోడియం అయొడైడ్ స్ఫటికం విడదీయలేదు. జెర్మేనియం స్ఫటికం స్పష్టంగా విడదీస్తుంది.

యంత్రం కట్టక పూర్వమే ఇదంతా ఊహించడానికి గణనం తోడ్పడుతుంది. 1940ల చివర ఉలామ్, వాన్ నాయ్‌మన్ రూపొందించిన మాంటీ కార్లో పద్ధతిలో, పాచికలు వేసినట్లు యాదృచ్ఛిక సంఖ్యలతో ఒక్కొక్క కణం ప్రయాణాన్ని కంప్యూటర్ అనుకరిస్తుంది. లక్షలాది కణాల చరిత్రల నుండి ఏ కేంద్రకాలు ఎన్ని పుడతాయో అంచనా కడుతుంది.

అయితే ఉక్కును శుద్ధమైన ఇనుముగా భావించి లెక్క వేస్తే, కోబాల్టు-60 ఫలితంలో దాదాపు కనిపించదు. లెక్కలో తప్పు లేదు, మనం ఇచ్చిన వివరంలో లోపం ఉంది. దానిని బయటపెట్టేది కొలతే. కొలత ఉన్నదానిని చెబుతుంది, గణనం రాబోయేదానిని చెబుతుంది. రెండూ ఏకీభవించిన తరువాతనే తలుపు తెరవాలి.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో మనం పట్టికలో వ్రాసే ప్రతి అంకె వెనుక ఒక మనిషి క్షేమం ఉండవచ్చును. లెక్కకు సరిపోయేటట్లు కొలతను దిద్దే అలవాటును ఇప్పుడే మానుకుందాం.